అప్‌డేట్: గిటార్ ఆంప్ రికార్డింగ్‌లో ఆ కీచు శబ్దం పోయింది

నా ఆంప్‌ని (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టె) ఎస్‌ఎం57 మైక్‌తో రికార్డ్ చేస్తే డిస్టార్షన్ (గిటార్‌కి కావాలని తెచ్చే కరకు ధ్వని) చెవుల్లో గుచ్చుకుంటోందని, ఈక్యూతో (బేస్, హై లాంటి ఫ్రీక్వెన్సీలని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) ఎంత తగ్గించినా పోవట్లేదని అడిగాను కదా. మైక్ జరిపి చూడమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్. అదే పనిచేసింది!

మైక్ ఇన్నాళ్లూ స్పీకర్ నడిమధ్య డస్ట్ క్యాప్‌కి (అక్కడుండే గుండ్రటి మూత) సూటిగా ఉండేది. హై ఫ్రీక్వెన్సీలు బాగా పదునుగా వినిపించేది అక్కడే. టార్చ్ వేసి, గ్రిల్ గుడ్డ వెనక క్యాప్ అంచు ఎక్కడుందో చూసుకుని, పైన చిన్న టేప్ ముక్క అంటించాను. మైక్‌ని దానికి ఎదురుగా పెట్టగానే కీచు శబ్దం పోయింది, పిక్ తీగకి తగిలే చప్పుడు మాత్రం స్పష్టంగా నిలిచింది. ఇంకో అంగుళం పక్కకి జరిపితే సౌండ్ మరీ మొద్దుబారింది.

దూరం సంగతి కూడా మీరన్నట్టే. గుడ్డకి ఆనిస్తే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ (మైక్ దగ్గరయ్యే కొద్దీ బేస్ పెరగడం) వల్ల పామ్ మ్యూట్లు (అరచేతి అంచు తీగలకి ఆనించి వాయించేవి) గుమ్మని మోగుతున్నాయి. రెండంగుళాలు వెనక్కి లాగితే సర్దుకుంది.

గదిలో కాస్త దూరంగా రెండో మైక్ పెట్టి కలిపితే, ఫేజ్ తేడా (ఒకే శబ్దం రెండు మైకులకి కాస్త ముందూ వెనకా చేరడం) వల్ల సౌండ్ పల్చబడింది. దూరం మార్చి చూడొచ్చు గానీ, ఈ పాటకి ఒక్క మైకే బాగుంది. రిథమ్ ట్రాకులన్నీ ఈక్యూ లేకుండానే మిక్స్‌లో కూర్చున్నాయి.