సిమ్యులేషన్ వాదనలో ఈ మెలిక ఎవరైనా విప్పి చెప్తారా?

మన ప్రపంచం కంప్యూటర్‌లో నడిచే నకలు (సిమ్యులేషన్) కావచ్చంటూ 2003లో తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ రాసిన సిమ్యులేషన్ వాదన చదివినప్పటి నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదండి. మూడింటిలో కనీసం ఒకటి నిజమంటారాయన: నాగరికతలు అలాంటి నకలు ప్రపంచాలు నడపగల స్థాయికి చేరకముందే అంతరిస్తాయి, లేదా చేరినా పూర్వీకుల సిమ్యులేషన్లు (తమ పూర్వీకుల జీవితాల కంప్యూటర్ నకళ్లు) నడపవు, లేదా మనం దాదాపు కచ్చితంగా సిమ్యులేషన్‌లోనే ఉన్నాం. కంప్యూటర్‌లో కూడా స్పృహ పుట్టగలదని ఆయన ముందే అనుకున్నారు కదా, అది ఒప్పుకోకపోతే వాదన మొత్తం కూలిపోతుందా?

తాడును చూసి పామనుకోవడం గురించి మా నాన్నమ్మ చెప్పేది. అక్కడైతే దీపం తెస్తే తాడు కనిపిస్తుంది. ఇక్కడ ఏ దీపం తేవాలి? నిన్న పొంగుతున్న పాలగిన్నె దించబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. ఈ మంట కూడా వట్టి లెక్కేనా అని అక్కడే నిలబడిపోయాను. ఫిలాసఫీ గానీ ఫిజిక్స్ గానీ చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.