ఆఖరి విదేశీ యాత్ర: యూరప్ ప్యాకేజీలో వెళ్ళాలా, మేమిద్దరమే వెళ్ళాలా?

రాయగడ_మాస్టారు

అందరికీ నమస్కారం. మాది రాయగడ, టీచరుగా రిటైరయ్యాను. నాకు 71, మా ఆవిడకి 66. పిల్లలకి సెలవులు దొరకవు, వెళ్ళేది మేమిద్దరమే. దేశం దాటడం ఇదే ఆఖరని ఇద్దరం అనేసుకున్నాం, ఎందుకంటే నాకు గుండెలో స్టెంట్ ఉంది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా పాస్‌పోర్టులు వచ్చే ఏడాదితో అయిపోతున్నాయి, మళ్ళీ రెన్యువల్ అంటూ తిరిగే ఓపిక లేదు.

విశాఖలో ఒక ఏజెంటు జూన్‌కి ప్యాకేజీ చెప్పాడు, 12 రాత్రులు, 7 దేశాలు. బ్రోచరు అట్ట మీద తులిప్ పూల తోట చూసి మా ఆవిడ అక్కడే ఒప్పేసుకుంది. అసలు ఆవిడ కోరిక మంచు చేత్తో పట్టుకోవాలని, నాది ఈఫిల్ టవర్ ఎక్కాలని. మా అబ్బాయి మాత్రం ‘ఏడు దేశాలు కాదు, ఏడు బస్సు సీట్లు చూసొస్తారు’ అంటున్నాడు. ఈ వయసులో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి. వీసా సంగతి, తిండి సంగతి కూడా.

పర్లాకిమిడి_అమ్మమ్మ

మాస్టారూ, మేం ప్యాకేజీలోనే వెళ్ళొచ్చాం. నేను దాన్ని తిట్టను. సాయంత్రమయ్యేసరికి అన్నం, పప్పు, ఏదో ఒక కూర ముందు పెట్టారు, మా వారికి ఒంట్లో బాగోకపోతే మేనేజరు పిల్లాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, అక్కడి భాష మాకేం వచ్చు?

కానీ మోకాళ్ళ సంగతి వేరు. పొద్దున్న ఆరున్నరకల్లా సూట్‌కేసు గది బయట పెట్టెయ్యాలి, ఏడున్నరకి బస్సు. వెనిస్‌లోకి బస్సు రాదు, ఊరి అంచున దింపేసి పడవ ఎక్కిస్తారు, అక్కడినుంచి నడకే, నాలుగడుగులకి ఒక వంతెన, వంతెన వంతెనకీ మెట్లు. గ్రూపంతా జెండా పట్టుకున్నావిడ వెనకాల పోతుంటే నేను ఒక వంతెన దగ్గర రెయిలింగు పట్టుకుని కూలబడిపోయాను, మావారు జెండా వంక ఒకసారి, నా వంక ఒకసారి చూడ్డం. రోమ్‌లో దారులన్నీ రాళ్ళు పరిచినవే, చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి. మీ ఆవిడకి మోకాళ్ళంటున్నారు కాబట్టి వెనిస్, రోమ్ రెండూ ఉన్న ప్యాకేజీ అయితే నేను వద్దనే అంటాను.

గుణుపురం_టు_జ్యూరిక్

మాస్టారూ, మాది గుణుపురం, ఇక్కడ స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లో ఉద్యోగం. ముందు ఆ బ్రోచరు సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఉన్న ఆ తులిప్ తోట పేరు కూకెన్‌హాఫ్, మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా మాత్రమే తెరుస్తారు. జూన్‌లో గేటుకి తాళం. జూన్ ప్యాకేజీకి ఆ అట్ట వేసిన ఏజెంటు మిగతావి ఎలా చెప్పుంటాడో మీరే అనుకోండి.

నన్నడిగితే రెండే చోట్లు: పారిస్ మూడు రాత్రులు, ఇక్కడి లూసర్న్ ఆరు రాత్రులు. పారిస్‌లో దిగి జ్యూరిక్‌లో ఎక్కేలా టికెట్ తీసుకోండి. మధ్యలో రైలు: పారిస్ నుంచి బాసెల్ మూడు గంటలు, అక్కడ మారితే లూసర్న్ ఇంకో గంట. పారిస్ మెట్రో పాతది, చాలా స్టేషన్లలో లిఫ్ట్ లేదు, అన్ని స్టేషన్లలోనూ లిఫ్ట్ ఉన్నది 14వ నంబరు లైనుకే. కాబట్టి సిటీ బస్సు ఎక్కండి, ఊరు చూసినట్టూ ఉంటుంది. ఈఫిల్ టవర్‌కి లిఫ్ట్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, రెండో అంతస్తు దాకా చాలు, అక్కడినుంచే ఊరంతా కనిపిస్తుంది.

ఇక మంచు. ఏజెంట్లందరూ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అంటారు, 1912లో వేసిన రైలు, యూరప్‌లోకెల్లా ఎత్తయిన స్టేషను, 3,454 మీటర్లు. స్టెంట్ ఉన్నవాళ్ళు ఒక్కపూటలో అంత పైకి వెళ్ళడం చిన్న విషయం కాదు, గాలి పల్చగా ఉంటుంది. జూన్‌లో కూడా మంచు దొరికే ఇంకో చోటు టిట్లిస్, కేబుల్ కారు గిర్రున తిరుగుతూ పైకి వెళ్తుంది, లూసర్న్ నుంచి పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. అదీ 3,000 మీటర్ల పైనే, కాబట్టి ఏదైనా సరే మీ కార్డియాలజిస్టు సరే అన్నాకే టికెట్. పైకి వెళ్ళాక పరుగులు పెట్టకండి, అరగంట కూర్చుని, మంచు పట్టుకుని, దిగిపోండి.

డాక్టరు వద్దంటే రిగి కొండ. 1,800 మీటర్ల లోపే. జూన్‌లో మంచు ఉండదని మీ ఆవిడకి ముందే చెప్పెయ్యండి, లేకపోతే కొండ మీద పోట్లాట. కానీ నాకు ఈ దేశంలో అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం అదే. లూసర్న్ స్టేషను ఎదురుగానే పడవ రేవు. గంటసేపు సరస్సు మీద కూర్చుని వెళ్తే విట్స్‌నావ్ వస్తుంది, పడవ దిగిన పక్కనే ఎర్ర రైలు నిలబడి ఉంటుంది, పట్టాల మధ్య ఉన్న పళ్ళ కడ్డీని పళ్ళచక్రంతో పట్టుకుని అరగంటలో కొండెక్కిస్తుంది. 1871 నాటి లైను అది, యూరప్‌లో పళ్ళచక్రంతో కొండెక్కిన మొదటి రైలు. స్విస్ ట్రావెల్ పాస్ (ఇక్కడి రైళ్ళకీ పడవలకీ కలిపి ఒకే టికెట్) ఉంటే ఆ పడవ, ఆ రైలు రెండూ అందులోనే, టిట్లిస్‌కి సగం ధర.

జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు, అదొక్కటి అలవాటు పడాలి, భోజనం టైము తెలియదు.

బరంపురం_పాప

అంకుల్, మా అమ్మానాన్నల కాగితాలన్నీ నేనే చూశాను, వీసా సంగతి నేను చెప్తా. పైన అన్నగారు చెప్పినట్టు స్విట్జర్లాండ్‌లోనే ఎక్కువ రాత్రులుంటే వీసా స్విట్జర్లాండ్‌కే అప్లై చేయాలి, అది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనికొచ్చేది, దాంతోనే ఫ్రాన్స్ కూడా తిరగొచ్చు. ఏజెంటు లండన్ కూడా కలిపితే దానికి వేరే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు గానీ అంత దాకా ఆగకండి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. వేలిముద్రలకి మీరే వెళ్ళాలి. ఒడిశా అడ్రసు వాళ్ళని ఏ ఊళ్ళో తీసుకుంటారన్నది దేశాన్ని బట్టి మారుతుంది, అది చూసుకోకుండా సికింద్రాబాద్ వెళ్ళే నాగావళి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చేయించుకోకండి.

పాస్‌పోర్టు మీరు షెంగెన్ దేశాలు దాటి వచ్చేసిన తేదీ తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి. వచ్చే ఏడాది ఏ నెలలో అయిపోతుందో, ఈ జూన్‌కా వచ్చే జూన్‌కా వెళ్తున్నారో చూసుకోండి, మీ రెన్యువల్ తప్పకపోవచ్చు!

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి, అది వీసాకే తప్పనిసరి. కానీ 70 దాటినవాళ్ళకి ప్రీమియం బాగా పెరుగుతుంది, పైగా చవకది తీసుకుంటే పాత జబ్బులకి వర్తించదు. ఫారంలో స్టెంట్ సంగతి దాచకండి, తర్వాత క్లెయిమ్ కొట్టేస్తారు. మందులన్నీ చేతిసంచిలోనే, డాక్టరు చీటీ మీద బ్రాండు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ఆంటీకి వీల్‌చెయిర్ కావాలని విమానం వాళ్ళకి కనీసం 48 గంటల ముందు చెప్పాలి, యూరప్ ఎయిర్‌పోర్టుల్లో దానికి డబ్బు తీసుకోరు. నడవగలం కదా అని మొహమాటపడకండి, అక్కడ గేటు నుంచి గేటుకి మన ఊళ్ళో బస్టాండు నుంచి రైల్వే స్టేషనంత దూరం.

రాయగడ_మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. మీవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. వెనిస్ మెట్ల దగ్గరే ప్యాకేజీ వద్దంది. తులిప్‌ల విషయంలో ఏజెంటుకి ఫోన్ చేసి అడిగితే ‘సార్, ఆ ఫోటో ఊరికే అందానికి’ అన్నాడు. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ సోమవారం, టిట్లిస్ అయితే మంచు, కాకపోతే రిగి. ఆవిడ మాత్రం డాక్టరు ఏమన్నా తను ఒక్కర్తే అయినా టిట్లిస్ ఎక్కుతానంటోంది, నేను కింద కూర్చోవాలట.

మిగిలింది తిండి. బరంపురం అప్పడాలు, ఆవకాయ, నెయ్యి, అటుకులు, దారిలోకి ఛెనాపోడో (విరిగిన పాలతో చేసే మా ఒడిశా మిఠాయి) అని పెద్ద లిస్టు రాసింది. ఇవన్నీ తీసుకెళ్ళనిస్తారా?

గుణుపురం_టు_జ్యూరిక్

నెయ్యి, ఛెనాపోడో రెండూ కొట్టెయ్యండి. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం తీసుకురానివ్వరు, ఫ్రాన్స్‌లోనూ అంతే, ఇక్కడా అంతే. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అప్పడాలు, అటుకులు తెచ్చుకోండి. ఆవకాయ జాడీలో కాకుండా గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లో పెట్టి చెక్-ఇన్ సామానులో వెయ్యండి, చేతిసంచిలో పెడితే నూనె చూసి సెక్యూరిటీ దగ్గర తీసి పడేస్తారు. లూసర్న్‌లో హోటల్ గది కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, బియ్యం, కందిపప్పు ఇక్కడ ఏషియన్ కొట్లలో దొరుకుతాయి. అపార్ట్‌మెంట్‌లో కుక్కర్ మాత్రం ఉండకపోవచ్చు, చిన్నది ఒకటి తెచ్చుకోండి.