లామా దొడ్లు, మన బూడిద దిబ్బలు: పెంపకమని తేల్చేది ఎట్లా?

ప్రశ్న (పెన్నగట్టు, అనంతపురం)

కళ్యాణదుర్గం దగ్గరి పాలవాయి బూడిద దిబ్బల (కొత్తరాతి యుగంలో పేడ కాల్చగా ఏర్పడిన గుట్టల) మీద సెమినారు పేపరు తయారు చేస్తున్నా. పోలిక కోసం దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో లామా, అల్పాకా (ఒంటె జాతి పెంపుడు జంతువులు) పెంపకం మీద జరిగిన పురావస్తు పని చదువుతున్నా. అక్కడ తెలార్మచాయ్ అనే చోట పుట్టీపుట్టని పిల్లల ఎముకలు పైపొరల్లో బాగా పెరిగాయి కాబట్టి అప్పటికి పెంపకం మొదలైందని అంటున్నారు. ఇక్కడ చిక్కుకున్నా. ఈనిక కాలంలో వేటాడినా పిల్లల ఎముకలు పడతాయి కదా? అంతకంటే పేడ పొర కనిపిస్తే దొడ్డి ఉన్నట్టే అనుకోవచ్చుగా? మన దిబ్బల్లో అయితే అంతా కాలిన పేడే. మట్టి నమూనా తీస్తే దాంట్లో ఏం వెతకాలి, ఎంత తీయాలి?

జవాబు 1 (ఎముకలగూడు)

మీ అనుమానం సరైనదే. పిల్లల ఎముకలు ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేదు.

తెలార్మచాయ్ పెరూలో హునీన్ ప్రాంతపు పూనా అనే ఎత్తైన గడ్డిభూముల్లో, 4,420 మీటర్ల ఎత్తున రాతి చరియ కింద ఉన్న పాత నివాసం. దానియెల్ లవాలే బృందం 1970లలో తవ్వింది, జంతువుల ఎముకలు జేన్ వీలర్ చూసింది. కింది పొరల్లో లామా, అల్పాకా జాతి ఎముకల్లో దాదాపు మూడో వంతు కడుపులోవో, అప్పుడే పుట్టినవో. సుమారు 6,000 ఏళ్ల కిందటి పొర నుంచి అవి సగం దాటి, ఆపైన 70 శాతం దాకా పోయాయి. ఏ కాపరీ తన మందలో పిల్లలను ఇంతగా కోసుకోడు. అందుకే వీలర్ వీటిని కోతగా కాక చావుగా చదివింది. తడిసిన మురికి దొడ్లో పిల్లలకు క్లోస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి సోకి గుంపులుగా చస్తాయి. ఇప్పటికీ ఆండీస్‌లో అల్పాకా పిల్లలను ఎక్కువగా తీసుకుపోయే రోగాల్లో ఇదొకటి. మన గొర్రెల చిటుకు రోగానికి కారణం కూడా ఈ సూక్ష్మజీవే, కాకపోతే రకం వేరు: మనకు డి, అక్కడ ఎక్కువగా ఎ. చిటుకు మొదటి వానల తర్వాత లేత గడ్డి మేసి కొవ్వెక్కిన పిల్లను పడగొడుతుంది, అక్కడిది ఈనిన కొద్ది రోజులకే దొడ్డి మురికిలోంచి పట్టుకుంటుంది. కాబట్టి ఆ లెక్కను యథాతథంగా మన దిబ్బల ఎముకల మీద పెట్టకండి.

రెండో ఆధారం ముందు పళ్లు. వాదన నిలబడింది దీంతోనే. లామా, అల్పాకాలకు అడవి బంధువులు రెండు: వికున్యా, గ్వానాకో. వికున్యా కింది పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వేరు మూసుకోదు, ఎనామెల్ ముందు వైపే ఉంటుంది, పక్కలు సమాంతరంగా ఉంటాయి. గ్వానాకో, లామా పళ్లు గరిటె ఆకారం, చుట్టూ ఎనామెల్, వేరు మూసుకుంటుంది. అల్పాకాది ఈ రెంటికీ నడుమ: ఎనామెల్ ముందు వైపే, ఆకారం వికున్యాకు దగ్గర, వేరు మాత్రం చివరికి మూసుకుంటుంది. ఇట్లాంటి పళ్లు తెలార్మచాయ్ పైపొరల్లో కనిపించడం మొదలైంది. పిల్లల చావులు, పళ్ల మార్పు పక్కపక్కనే రావడం వల్లే దానికి బలం. అల్పాకా వికున్యా నుంచి వచ్చిందని 2001లో డీఎన్‌ఏ పరిశోధన కూడా చెప్పింది.

కొలతల మాట కూడా: వేలి మొదటి ఎముకను కాలిపర్‌తో కొలిస్తే పెద్దవి గ్వానాకో, లామా, చిన్నవి వికున్యా, అల్పాకా. కొలత ఇక్కడ రెండు గుంపులనే వేరు చేస్తుంది. ఏ గుంపులో చూసినా ఒకటి అడవిది, ఒకటి పెంపుడుది. అంటే మీకు అసలు కావాల్సిన ప్రశ్నకు కొలత జవాబు చెప్పదు. చాలా సెమినారు పేపర్లు జారేది ఇక్కడే.

జవాబు 2 (రొప్పం)

పైన చెప్పినదానికి పేడ సంగతి కలుపుతా.

లామా, అల్పాకా, వాటి అడవి బంధువులు నాలుగూ మంద మొత్తం ఒకే చోట పేడ వేస్తాయి. దొడ్డి లేకున్నా, మనిషే లేకున్నా మందపాటి పేడ గుట్ట తయారవుతుంది. కాబట్టి ఆండీస్‌లో పేడ పొర దొరికింది అంటే జంతువులు అక్కడ ఉన్నాయనే గాని కట్టేశారని కాదు. దొడ్డి అనాలంటే గోడ పునాదో, గుంజల గుంతలో, పొర అడుగున గిట్టలతో గట్టిగా తొక్కబడిన నేలో కావాలి.

ఆవుల సంగతి అట్లా కాదు, అవి నడుస్తూ మేస్తూ వేసేస్తాయి. ఒకే చోట మీటర్ల మందం పేరుకుందంటే ఎవరో రాత్రిళ్లు కట్టేసి ఉంచినట్టే. అందుకే మన దిబ్బల్లో పేడ మందమే బలమైన సాక్ష్యం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ తవ్వినప్పుడు కంచె గుంజల గుంతలూ, ఆవుల గిట్టల అచ్చులూ బయటపడ్డాయి. అంతకుముందు ఈ దిబ్బల మీద ఎన్నో ఊహలు నడిచాయి. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను వాలిని కాల్చిన బూడిదంటారు. ఇనుము కరిగించిన కిట్టం అన్నవాళ్లూ ఉన్నారు. కాలిన పేడే అని భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే వాదించాడు, 1960 ప్రాంతంలో జ్యూనర్ అనే శాస్త్రజ్ఞుడి పరీక్షలతో అది గట్టిపడింది. గడ్డిలోని సిలికా, బూడిదలోని పొటాష్ కలిసి పెద్ద వేడిలో కరిగి గాజు ముద్దలా గడ్డకడతాయి. మీరు దిబ్బలో చూసే నురుగు రాయి అదే.

ఒక్క హెచ్చరిక: దిబ్బలు లేనంత మాత్రాన పెంపకం లేదనకండి. కుందూ లోయలో పెద్దముడియం, కడప జిల్లా హనుమంతరావుపేట కొత్తరాతి యుగపు ఊర్లే, అక్కడ దిబ్బల ఆచారం లేదు. పేడను కుప్పేసి కాల్చడం ఒక ఎంపిక. అదే పేడను పొలానికి తోలితే పురావస్తు శాస్త్రజ్ఞుడికి ఏమీ మిగలదు.

పెన్నగట్టు

చాలా స్పష్టంగా చెప్పారు సార్. నమూనా సంగతి ఎవరైనా చెప్తారా? స్ఫెరులైట్లు వెతకమని ఒకచోట చదివా. పాలవాయిలో గాజు ముద్దలే ఎక్కువ, వాటిని పొడిచేసి చూస్తే సరిపోతుందా?

జవాబు 3 (జల్లెడ)

సరిపోదు. స్ఫెరులైట్లు అంటే మేసే జంతువు పేగుల్లో తయారయ్యే కాల్షియం కార్బొనేట్ గుండ్లు, ఎక్కువ భాగం 5 నుంచి 20 మైక్రాన్లు. మైక్రోస్కోపులో ధ్రువణ కాంతిలో ఒక్కో గుండులో నల్లటి అడ్డగీత, నిలువుగీత కలిసిన గుర్తు కనిపిస్తుంది. వేడి 700 డిగ్రీలు దాటేకొద్దీ అవి చెదిరిపోతాయి, గాజు ముద్ద దాదాపు వెయ్యి డిగ్రీల దాకా పోయింది. అందులో వెతకడం వృథా. బూడిద దిబ్బలో మెత్తని బూడిద పొర, లేదా సగం కాలిన గోధుమరంగు పొర చూసుకోండి. బూడిద క్షార గుణం వల్ల అక్కడ అవి నిలుస్తాయి, ఆమ్ల నేలలో కరిగిపోతాయి. పెద్దవాళ్లు పదే పదే మరిచే సంగతి: స్లైడు తయారీలో ఆమ్లం తగిలించారా, ఇక స్ఫెరులైట్లు మాయం. ఫైటోలిత్‌ల (మొక్కల్లో తయారయ్యే సిలికా రేణువుల) కోసం ఆమ్లంతో కడిగిన భాగాన్ని వేరుగా ఉంచి, స్ఫెరులైట్ల భాగాన్ని ఏమీ తగిలించకుండా చూడాలి.

తీసే పద్ధతి ఇది. పాత తవ్వకపు అంచో, కోసిన గట్టో ఉంటే ముందు కత్తితో కొత్త ముఖం గీయండి. కింది పొర నుంచి పైకి రండి, పైనుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది పొరలో కలుస్తుంది. పొర మారినప్పుడల్లా కత్తి తుడవండి. స్ఫెరులైట్లు, ఫైటోలిత్‌లకు ఒక్కో పొరకు 30, 50 గ్రాములు చాలు. గింజల కోసమైతే కథ వేరు, ఒక్కో పొరకు 10 నుంచి 20 లీటర్ల మట్టి నీళ్లలో వేసి తేలినదాన్ని అర మిల్లీమీటరు లోపు జల్లెడలో పట్టాలి. మన ప్రాంతపు కొత్తరాతి పొరల్లో అండుకొర్రలు, పెసలు, ఉలవలు ఇట్లా దొరికినవే. మునిగిన మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడలో కడగండి. కంకర జల్లెడతో పనిచేస్తే పిల్లల ఎముకలు మొదటే జారిపోతాయి, తర్వాత "పిల్లలు లేవు" అని రాసుకుంటాం. అసలే అవి పెళుసువి, కుక్కలు నమిలేస్తే జల్లెడ దాకా రావు.

దిబ్బకు దూరంగా, అదే నేలలో, పేడ పడని చోట నుంచి ఒక నమూనా తప్పనిసరి. అది లేకుంటే మీ లెక్క దేనితో పోల్చాలి? స్ఫెరులైట్లు ఎన్ని తయారవుతాయనేది జంతువు మేసిన నేల మీద కూడా ఆధారపడుతుంది, సున్నం ఉన్న నేలలో మేసినదాని పేడలో ఎక్కువ. అనంతపురం గ్రానైట్ ఎర్రనేలలో తక్కువ రావచ్చు, అది చూసి పేడ కాదని తీర్పు ఇవ్వొద్దు.

వీటన్నిటికన్నా ముందు పురావస్తు శాఖ అనుమతి. గట్టును గీయడం కూడా తవ్వకం కిందికే వస్తుందా అని రాతపూర్వకంగా అడిగి, అనుమతి చేతికొచ్చాకే కత్తి తీయండి.

జవాబు 4 (ఎముకలగూడు)

ఎముకలు ఎక్కడివనేదీ చూసుకోండి. ఆండీస్‌లో చార్కీ అనే ఎండు మాంసం కొండల మీద తయారై కింది లోయలకు పోయేది. మాంసంతో పాటు కొన్ని ఎముకలు పోతాయి, తలలు, పాదాలు తయారైన చోటే మిగులుతాయి. కింది లోయలో తల, పాదాల ఎముకలు లేవంటే అక్కడ మంద పెంచలేదేమో, ఎండు మాంసమే వచ్చిందేమో అని ఆలోచించాలి. దీని మీద ఆండీస్ పరిశోధకుల్లోనే గట్టి వాదన నడిచింది. ఇక జంతువులు చచ్చినప్పటి వయసు లెక్క వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఆండీస్ కాపరులు లామాల పాలు పితకలేదు. బరువు మోయడానికి, ఉన్నికి ముసలిదాకా ఉంచుకునేవారు. మన ఆవుల దగ్గర పాలు, నాగలి కలుస్తాయి కాబట్టి వయసుల తీరు వాళ్లతో పోల్చడం కుదరదు.

జవాబు 5 (రొప్పం)

సెమినారులో ఎవరో ఒకరు చెరువు అడుగు మట్టి గురించి అడుగుతారు. కుస్కో దగ్గర మార్కాకోచా అనే చిన్న సరస్సు మట్టిలో, లామా పేడ చుట్టూ బతికే ఒరిబాటిడ్ సూక్ష్మ పురుగుల సంఖ్య, ఇంకా అనే రాజవంశం ఏలిన కాలంలో బాగా పెరిగి, స్పానిష్ వాళ్లు వచ్చాక పడిపోయింది. మంద పెరుగుదల, తరుగుదలకు ఇది ఎముకలు ఇవ్వని లెక్క. కాని దీన్ని అనంతపురం చెరువుల్లో చేయాలనుకోవద్దు. మన చెరువులు కొత్తరాతి యుగం తర్వాత చాలా శతాబ్దాలకు తవ్వినవి. పైగా పూడిక తీసి పొలాలకు తోలుతుంటారు, పొరలు వరుసలో ఉండవు.