సిగ్నల్ లేని ఊళ్ల పిల్లలతో ఎన్‌పీటెల్ కోర్సు చేయించిన వాళ్లెవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. పాడేరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు ఎవరైనా ఫ్రీగా వినొచ్చు, అంత మంచి టీచింగ్ మన్యంలో పుట్టిన పాపానికి మా పిల్లలకు అందకపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఈసారి అందులో పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సులో చేరతామని కొందరు ముందుకొచ్చారు.

ఇబ్బందల్లా సిగ్నల్‌తోనే. ఒకమ్మాయి సాయంత్రం పూట ఊరి పక్కన గట్టెక్కి, ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియో పెడితే కాసేపు ఆడి, చక్రం గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. వాన పడితే అదీ లేదు.

పాఠాలైతే కాలేజీ వైఫైలో డౌన్‌లోడ్ చేసి మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇస్తాను, దానికి పర్లేదు. అసలు టెన్షన్ అసైన్‌మెంట్లది. వారం వారం గడువులోగా ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, ఫైనల్ మార్కుల్లో 25 శాతం వాటివే. మిగతా 75 శాతం పరీక్షది, దానికి సెంటర్‌కి వెళ్లి రాయాలి, అంటే ఘాట్ రోడ్డు దిగి విశాఖ దాకా పిల్లల్ని తీసుకెళ్లాలి.

ఇలాంటి చోట పనిచేసిన వాళ్లు దయచేసి చెప్పండి. సెలవుల్లో ఊళ్లకెళ్లిన పిల్లలతో అసైన్‌మెంట్లు ఎలా పెట్టించారు? మాలాంటి చిన్న కాలేజీ లోకల్ చాప్టర్‌గా, అంటే ఎన్‌పీటెల్‌తో కలిసి పనిచేసే కాలేజీగా చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా? తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లకు ఇంగ్లీష్ లెక్చర్లు అర్థమయ్యేలా మీరేం చేశారు? రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతోంది, కాస్త త్వరగా చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.