ఇటలీకి చదువుకోడానికి వెళ్తున్నా, ల్యాప్‌టాప్‌ని ఎలా కాపాడుకోవాలి?

కాకినాడ_కాజా:
అందరికీ నమస్తే. సెప్టెంబర్ రెండో వారంలో మాస్టర్స్ కోసం పడోవా వెళ్తున్నా. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా రోమ్, అక్కణ్నుంచి రైల్లో పడోవా. మా ఇంట్లో దేశం దాటుతున్న మొదటి మనిషిని నేనే, అడిగి తెలుసుకుందామంటే మా వాళ్లలో ఎవరూ లేరు. పోయిన నెల నాన్న 74 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నారు. అది పోతే ఇంకోటి కొనమని అడగలేను, చదువు లోన్‌తోనే ఇల్లు ఇప్పటికి బిగుసుకుపోయింది.

క్యాబిన్ బ్యాగ్ 7 కేజీలే అంటున్నారు. ల్యాప్‌టాప్, ఛార్జర్, ఫైళ్లు పెడితే సగం అయిపోతోంది. సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టేయ్, మెత్తగా ఉంటుంది అని పెదనాన్న అంటున్నారు. పెట్టొచ్చా? రోమ్ స్టేషన్‌లో దొంగలు ఎక్కువని చదివినప్పటి నుంచి రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. సర్టిఫికెట్ల స్కాన్లు, స్కాలర్‌షిప్ కోసం చేయించిన ఆదాయం కాగితాలు, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) కాపీలు, అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. అక్కడ గది కూడా వేరే అమ్మాయితో కలిసి ఉండాలి. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పండి.

పడోవా_పిల్ల:
చెల్లీ, నేను ఇక్కడే రెండో సంవత్సరం. ముందు పెదనాన్న గారి మాట గురించి, సూట్‌కేస్‌లో మాత్రం పెట్టొద్దు. బెల్ట్ మీద సూట్‌కేస్‌లు ఎలా పడతాయో చూస్తే నీకే అర్థమవుతుంది, పైగా విమానం కింది భాగంలో బ్యాటరీ అంటుకుంటే ఎవరూ వెళ్లి ఆర్పలేరు, అందుకే లిథియం బ్యాటరీ ఉన్నవి చేతి బ్యాగ్‌లోనే తెచ్చుకోమంటారు. పవర్ బ్యాంక్ అయితే చెక్-ఇన్‌లో అసలు ఒప్పుకోరు, దాని బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్ లోపు ఉండాలి. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్ వస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. బరువు తగ్గాలంటే పుస్తకాలు, పచ్చళ్లు కింద వెయ్యి, ల్యాప్‌టాప్ పైన ఉంచుకో.

శంషాబాద్‌లో స్కానింగ్ దగ్గర ల్యాప్‌టాప్ తీసి ట్రేలో పెట్టమంటారు. ఆ బెల్ట్ మీద ఒకేలాంటి నల్లవి పది ఉంటాయి. దోహాలో నా ముందున్న ఒకాయన హడావుడిలో నాది చేతిలోకి తీసుకున్నాడు, పైన నేను అంటించిన పసుపు పువ్వు స్టిక్కర్ వల్ల వెంటనే కనిపెట్టి అడిగా, ఆయన కూడా కంగారు పడిపోయాడు పాపం. నువ్వూ ఏదో ఒక గుర్తు అంటించుకో. ట్రే లోపలికి వెళ్లేదాకా అక్కడే నిలబడు, అది వెళ్లాకే నువ్వు మెటల్ డిటెక్టర్ దాటు.

ఇంకోటి, గేట్ దగ్గర ఒక్కోసారి లోపల చోటు లేదు, ట్రాలీ కింద వేస్తాం అంటారు. అలా అన్నప్పుడు మొహమాటపడకుండా పక్కకి జరిగి, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, పాస్‌పోర్ట్, కాగితాలు తీసేసుకుని అప్పుడు ఇవ్వు. ఇందుకోసం మడతపెట్టే గుడ్డ సంచి ఒకటి ట్రాలీ పైజేబులో ఉంచుకో.

రైలు సంగతి అన్నిటికంటే జాగ్రత్తగా విను. రోమ్ ఎయిర్‌పోర్ట్ నుంచి తెర్మినీ స్టేషన్‌కి లియోనార్దో ఎక్స్‌ప్రెస్ ఉంటుంది, అరగంట దారి. తెర్మినీలో దిగాక రెండు సూట్‌కేస్‌లు, ఫోన్‌లో టికెట్, ఏ ప్లాట్‌ఫామో తెలియదు, ఆ ఐదు నిమిషాలే దొంగకి కావాల్సింది. టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తాం అని వచ్చే వాళ్లకి "నో, గ్రాట్సియే" అని చెప్పి కదిలిపో. టికెట్ ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్‌లో కొనుక్కుని రా, మెషీన్ దగ్గర పర్సు తీసే పనే ఉండదు.

రోమ్ నుంచి పడోవా రైలు ఫ్లారెన్స్, బొలోన్యా మీదుగా వస్తుంది. పోయిన ఏడాది నాతో వచ్చిన అమ్మాయి బ్యాక్‌ప్యాక్ పైన ర్యాక్ మీద పెట్టింది. ఫ్లారెన్స్‌లో రైలు ఆగింది, దిగేవాళ్లు దిగుతున్నారు, తలుపులు మూసుకునే ముందు ఒకడు తన సొంత బ్యాగ్ తీసుకున్నంత నిదానంగా దాన్ని దించుకుని దిగిపోయాడు. మేం కిటికీలోంచి చూస్తున్నాం, రైలు కదిలిపోయింది. అది ఏడుస్తూ కూర్చుంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఆ రోజు నుంచి నా బ్యాక్‌ప్యాక్ ఒళ్లోనే, లేదంటే కాళ్ల మధ్య పెట్టి పట్టీలోంచి కాలు దూర్చి కూర్చుంటా. సూట్‌కేస్‌లు బోగీ చివర పెట్టినా, స్టేషన్ వచ్చిన ప్రతిసారీ లేచి వాటి దగ్గర నిలబడు.

గదిలో అయితే తాళం వేసుకునే అల్మారా ఉందో లేదో ఇప్పుడే ఇంటి ఓనర్‌ని అడుగు. లేకపోతే గట్టి తాళం ఒకటి తెచ్చుకుని సూట్‌కేస్‌లో పెట్టి వెయ్యి. లైబ్రరీలో వాష్‌రూమ్‌కి వెళ్లినా ల్యాప్‌టాప్ బల్ల మీద వదలకు. ఇటాలియన్ పిల్లలు వదిలేసి కాఫీకి వెళ్తారు, వాళ్లని చూసి నువ్వు అలవాటు చేసుకోకు.

సర్వర్_రూమ్:
అక్క చెప్పింది వస్తువు గురించి, నేను లోపల ఉన్నదాని గురించి చెప్తా. కాకినాడ_కాజా గారూ, ల్యాప్‌టాప్ పోతే నష్టం 74 వేలు. కానీ మీ పాస్‌పోర్ట్ స్కాన్, నాన్నగారి బ్యాంక్ స్టేట్‌మెంట్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు వేరేవాడి చేతికి పోతే ఎక్కడిదాకా వెళ్తుందో లెక్క కట్టలేం. విండోస్ పిన్ పెట్టాం కదా అనుకుంటారు చాలామంది. ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డిస్క్‌లోది ఎవరూ చదవలేకుండా మార్చి దాచడం) లేకపోతే పిన్ దేనికీ పనికిరాదు, డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అన్ని ఫైళ్లూ తెరుచుకుంటాయి. విండోస్ 11 హోమ్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి, ప్రో అయితే బిట్‌లాకర్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్. అది ఆన్ చేసి, ప్రయాణంలో స్లీప్‌లో కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి పెట్టండి. పోయిన ల్యాప్‌టాప్ ఎక్కడుందో చూపించే ఫైండ్ మై డివైస్ కూడా ఆన్ చేయండి. అయితే ల్యాప్‌టాప్ మళ్లీ నెట్‌కి తగిలితే తప్ప అది పనిచేయదు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఇక మన వాళ్లంతా ఇరుక్కునేది ఓటీపీ దగ్గర. ల్యాప్‌టాప్, ఫోన్ ఒకే బ్యాగ్‌లో పెట్టి ఆ బ్యాగ్ పోగొట్టుకున్న కుర్రాడికి నేను ఫోన్‌లో సాయం చేశా. వాడి ఫైళ్లన్నీ గూగుల్ డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి, కానీ లాగిన్ అవ్వాలంటే కోడ్ ఫోన్‌కి పోతుంది, ఆ ఫోనే లేదు. డిజిలాకర్ తెరుద్దామంటే దాని ఓటీపీ కూడా అదే నంబర్‌కి. సొంత ఖాతాల్లోకి తనే వెళ్లలేక మూడు వారాలు తిరిగాడు. ఫోన్ లేకపోయినా లాగిన్ అవ్వడానికి గూగుల్ సెక్యూరిటీ పేజీలో బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఎనిమిదంకెలవి పది వస్తాయి. రెండు ప్రింట్లు తీసి ఒకటి మీ పర్సులో, ఒకటి అమ్మ బీరువాలో పెట్టండి. ఫోన్ మాత్రం ఒంటి మీదే ఉండాలి, ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగ్‌లో కాదు. బయల్దేరే ముందే మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, అక్కడికి వెళ్లాక రీఛార్జ్ మాత్రం మర్చిపోవద్దు.

కాకినాడ_కాజా:
అక్కా, సర్వర్_రూమ్ గారూ, చాలా థ్యాంక్స్. ఇప్పుడే చూశా, నాది హోమ్, ఎన్‌క్రిప్షన్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తుంటే రికవరీ కీ అంటోంది. అదేంటి? పోతే ఏమవుతుంది?

సర్వర్_రూమ్:
అది 48 అంకెల నంబర్. ఏదైనా పెద్ద అప్‌డేట్ తర్వాతో, రిపేర్ తర్వాతో విండోస్ ఒక్కోసారి అది అడుగుతుంది, అప్పుడు లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో సేవ్ అవుతుంది, అయిందో లేదో ఫోన్ బ్రౌజర్‌లో లాగిన్ అయి కళ్లతో చూసుకోండి. తర్వాత కాగితం మీద కూడా రాసి ఇంట్లో ఇవ్వండి, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో మాత్రం పెట్టకండి. కాగితాల స్కాన్లన్నీ డ్రైవ్‌లో ఒకసారి, పెన్‌డ్రైవ్‌లో ఒకసారి. పెన్‌డ్రైవ్ కూడా పాస్‌వర్డ్ ఉన్నదే.

వరంగల్_వాడిని:
అమ్మా, నేను ఉద్యోగం పని మీద పన్నెండేళ్లుగా యూరప్ తిరుగుతున్నా. ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. వీసా కోసం చూపించే 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఆసుపత్రి ఖర్చులకి, ల్యాప్‌టాప్‌కి కాదు. సామాను కవర్ విడిగా ఉందో లేదో, అందులో ఎలక్ట్రానిక్స్‌కి ఎంత ఇస్తారో పాలసీ తెరిచి చదువు. విమాన సంస్థ సామాను పోగొడితే మాంట్రియల్ ఒప్పందం (అంతర్జాతీయ విమానాల్లో నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్నది) ప్రకారం 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క, కరెన్సీ లాంటిది) దాకా బాధ్యత ఉంటుంది, 2024 డిసెంబర్ 28 నుంచి ఇదే లెక్క. కానీ చెక్-ఇన్‌లో పెట్టిన ల్యాప్‌టాప్‌కి మా పూచీ లేదని చాలా సంస్థలు తమ షరతుల్లోనే రాసుకుంటాయి, దాన్ని పట్టుకుని వాదిస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

నాది బార్సిలోనాలో పోయింది. బయట కుర్చీలో కూర్చున్నా, బ్యాగ్ కాళ్ల దగ్గరే ఉంది. ఒకడు పెద్ద మ్యాప్ తెచ్చి నా బల్ల మీద పరిచి ఏదో వీధి ఎక్కడ అని అడిగాడు, నేను వంగి చూపిస్తున్నా, మ్యాప్ తీసేసరికి బ్యాగ్ లేదు. పోలీస్ స్టేషన్‌లో సీరియల్ నంబర్ అడిగారు, నా దగ్గర లేదు. ఇంగ్లీష్ తెలిసినాయన రావడానికి రెండు గంటలు పట్టింది. నేను వివరం చెప్తుంటే ఆయన "బ్యాగ్‌ని గమనించకుండా ఉంచారు" అన్నట్టు రాశారు, నేను చదవకుండా సంతకం పెట్టేశా, ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపింది. అందుకే నీకు గట్టిగా చెప్తున్నా. ల్యాప్‌టాప్ బాక్స్ మీది స్టిక్కర్, బిల్లు ఈరోజే ఫొటో తీసి నాన్నగారికి వాట్సాప్ చెయ్యి. పోతే అదే రోజు ఫిర్యాదు ఇవ్వు, ఇటలీలో దాన్ని "దెనూంచియా" అంటారు, కారాబినియేరి (అక్కడి ఒక పోలీస్ దళం) దగ్గరైనా పోలీస్ దగ్గరైనా ఇవ్వొచ్చు, పెద్ద స్టేషన్లలో రైల్వే పోలీసులు ఉంటారు. కాగితం చదివి, అర్థం కాకపోతే ఫోన్‌లో అనువాదం చేసుకుని, అప్పుడే సంతకం పెట్టు. ప్రమాదం అనిపిస్తే 112కి ఫోన్ చెయ్యి.

కాకినాడ_కాజా:
బాబాయ్ గారూ, మీది చదివి నాన్నకి కూడా వినిపించా. స్టిక్కర్ ఫొటో తీశాం. సీరియల్ నంబర్ నాన్న తన డైరీలో రాసుకుని, పక్కన బిల్లు పిన్ చేసుకున్నారు. పెదనాన్నకి కూడా చెప్పాం, సరే అన్నారు. బ్యాకప్ కోడ్‌లు అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. ఎన్‌క్రిప్షన్ ఇంకా నడుస్తోంది, గంట పడుతుందట.

పడోవా_పిల్ల:
చెల్లీ, టికెట్ తీసుకున్నాక రైలు నంబర్, పడోవాలో దిగే టైమ్ నాకు మెసేజ్ చెయ్యి. క్లాస్ లేకపోతే ప్లాట్‌ఫామ్ మీదకే వస్తా, రెండు సూట్‌కేస్‌లు నేను లాగుతా, నువ్వు బ్యాక్‌ప్యాక్ పట్టుకో చాలు.