కౌంటీ మానసిక ఆరోగ్య నిధులు: తెలుగు కార్యక్రమాన్ని ఏ పద్దులో చూపాలి?

కాలిఫోర్నియాలో కౌంటీ బడ్జెట్లు చూసేవాళ్లు ఎవరైనా ఉంటే సాయం కావాలి.

మానసిక ఆరోగ్య సేవల కోసం 2004లో ఓటర్లు ఆమోదించిన చట్టం ప్రపొజిషన్ 63 ప్రకారం పది లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 1% పన్ను వసూలవుతోంది కదా. పన్ను అదే, పంపకమే మారింది. 2024 మార్చిలో గెలిచిన ప్రపొజిషన్ 1తో 2026 జులై 1 నుంచి కౌంటీ వాటాలో 30% గృహవసతికి, 35% ఫుల్ సర్వీస్ పార్ట్‌నర్‌షిప్‌లకు (తీవ్ర మానసిక సమస్యలున్నవారికి అన్ని రకాల సాయం కలిపి అందించే సేవలు), 35% మిగతా సేవలకు. ఈ చివరి 35%లో కనీసం 51% ముందస్తు జోక్యానికి (సమస్య ముదరకముందే గుర్తించి సాయం అందించడం), అందులోనూ కనీసం 51% పాతికేళ్లు, అంతకంటే తక్కువ వయసున్నవారికి.

చిక్కల్లా ఇక్కడే. జనం మొత్తానికి ఉద్దేశించిన నివారణ పని రాష్ట్రం చేతికి వెళ్లింది. మరి గుడిలో తెలుగు తల్లిదండ్రులకు డిప్రెషన్‌పై పెట్టే రెండు గంటల సదస్సు? పాత పద్దులో ఇట్టే ఇమిడేది. ఇప్పుడు అక్కడే స్క్రీనింగ్ ఫారం నింపించి, అవసరమైనవాళ్లకు క్లినిక్ అపాయింట్‌మెంట్ ఇప్పిస్తే ముందస్తు జోక్యం కింద ఒప్పుకుంటున్నారా? ఆడిట్‌కు హాజరు పట్టీ చాలదని నా అనుమానం. రిఫరల్ లెక్కలు ఏ రూపంలో ఉంచుతున్నారు?

ఇంకొకటి: ఒక్కో పద్దు నుంచి 7% వరకు, మొత్తం మీద 14% మించకుండా మార్చుకోవచ్చు. గృహవసతి పద్దు నుంచి ఈ సేవల పద్దుకు మళ్లించడానికి రాష్ట్ర అనుమతి అడిగినప్పుడు ఏ ఆధారాలు జతచేశారు?