పార్నెల్ సొంత రైతులు 1881లో కౌలు కట్టారా?

ఐర్లండ్ జాతీయ నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ మీద వ్యాసం రాస్తూ ఒక్కచోట ఇరుక్కుపోయాను. ఆయన విక్లో కౌంటీలోని అవాన్‌డేల్ భూస్వామి, 1879 నుంచి కౌలు రైతుల కోసం పోరాడిన లాండ్ లీగ్‌కి అధ్యక్షుడు. 1881 అక్టోబర్ 13న అరెస్టయ్యాడు. 18న కిల్మెయినం జైలు నుంచే, తోటి నాయకులతో కలిసి, 'కౌలు కట్టొద్దు' అని ప్రకటన ఇచ్చాడు. 1882 మే 2న విడుదల. (భూస్వామే కౌలు కట్టొద్దనడం, చిత్రం కదా!)

రెండు జీవిత చరిత్రలు చదివాను. ఎస్టేట్ అప్పులు, 1883లో జనం ఇచ్చిన 37,000 పౌండ్ల పైచిలుకు విరాళం గురించే దొరికింది. 'అవాన్‌డేల్', 'రాత్‌డ్రమ్' (దగ్గర్లోని ఊరు) పేర్లతో పాత పత్రికల్లోనూ వెతికాను, లాభం లేదు.

ఆయన జైల్లో ఉన్న ఆ ఆరున్నర నెలల్లో అవాన్‌డేల్ రైతుల కౌలు వసూళ్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?